మీ చార్జర్‌లో ఆ చిన్న చిప్ ఉందా?

పోయిన నెల మా చెల్లి ఫోన్ చార్జింగ్‌లో పెట్టి మాట్లాడుతుంటే చార్జర్ టప్‌మంది, కాలిన వాసన! బస్టాండ్ దగ్గర చవగ్గా నేను కొన్నదే అది. పాపం, తను బాగా భయపడింది. విప్పి చూస్తే కంట్రోలర్ చిప్పే లేదు. ఒక్క ట్రాన్సిస్టర్‌తో సరిపెట్టేశారు.

చార్జర్ 230 వోల్టుల ఏసీని ముందు దాదాపు 325 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఒక స్విచ్ దాన్ని సెకనుకి వేల సార్లు ఆన్ ఆఫ్ చేస్తూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి పంపితే మనకి 5 వోల్టులు వస్తాయి. టైనీస్విచ్-2 అనే చిప్‌నే చూడండి. 700 వోల్టుల స్విచ్, దాన్ని నడిపే కంట్రోలర్, రెండూ అందులోనే. వేగం సెకనుకి 1,32,000 సార్లు. లోడ్ తగ్గితే మధ్యమధ్యలో స్విచింగ్ మానేసి కరెంటు ఆదా చేస్తుంది. మరీ వేడెక్కితే తనే ఆగిపోతుంది. మా చార్జర్‌లో ఆపేవాళ్లే లేరు!

అయితే చిప్ ఒక్కటే చాలదు. షాక్ కొట్టకుండా కాపాడేది ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇన్సులేషన్. అందుకే చార్జర్ కొనేముందు బీఐఎస్ గుర్తు, 'ఆర్'తో మొదలయ్యే నంబరు చూడండి. నాలా విప్పకండి, ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో చార్జ్ ఉండొచ్చు. ఉంటాను మరి, మళ్లీ కలుద్దాం!