పాడుపడిన బడి
(బాలాపూరు పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



పాడుపడిన గుడిని జూచి చేతులు జోడింతుము. పాడుపడిన బడిని జూచి మొగము త్రిప్పుకొందుము. అది యేల పాడుపడెనో విచారింపము.

నిజాము రాష్ట్రమున సర్కారు పాఠశాలలలో ఉర్దూకే పెద్దపీట. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనభాష అదియే. తెలుగు పిల్లలకు పెక్కుచోట్ల ఖాన్గీ బడులే దిక్కు. 1924 ప్రాంతమున, సర్కారు అనుమతి లేనిదే అట్టి బడి నడుపరాదని నిబంధన వచ్చినది. అరుగుమీద ఓనమాలు దిద్దించుటకును అనుమతిపత్రము కావలసివచ్చెను! అనేక బడులు మూతపడినవి. 1930లో జోగిపేటయందు ప్రారంభమైన ఆంధ్రమహాసభ ఆ నిబంధనల రద్దునకై ఎలుగెత్తినది.

నేడా కాలము కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ప్రతి బిడ్డకును ఉచితవిద్య హక్కని చాటినది. ఐనను తెలంగాణమున పిల్లలు లేని సర్కారు బడులు అనేకములు. నాడు పిల్లలుండగా ప్రభుత్వము బడిని మూయించినది. నేడు బడియుండగా పిల్లలను మనమే తరలించుచున్నాము. ఉపాధ్యాయుల కొరతయు, ఇంగ్లీషు చదువుపై మోజును అందుకు కారణములు.

2008లో శంషాబాదున విమానాశ్రయము వెలసిన పిదప ఈ ప్రాంతమున నేల వెల పెరిగినది. దిక్కులేని బడిస్థలముపై కన్ను పడుట కెంతసేపు?

న్యాయవాదిగా నొకమాట. ఆ చట్టపు 21వ సెక్షను ప్రకారము సర్కారు బడి యాజమాన్యసంఘమున నాలుగింట మూడువంతులు తలిదండ్రులే యుండవలెను. సమావేశమునకు పొండు, ఉపాధ్యాయులను కోరుడు, బడిస్థలపు హద్దులు కొలిపించుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. అన్నిటికన్న ముందు మీ బిడ్డను ఆ గడప దాటించుడు. పిల్లల సందడి యున్న బడిని ఎవ్వరును పాడుపెట్టజాలరు.