మా ఇంటి జంతువుల పేకముక్కలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు మాట్లాడారు. నాకిచ్చిన అంశం విశ్రాంత జీవితంలో కాలక్షేపం. నేను పేకాట గురించి చెబుతాను. కార్యదర్శి గారు కంగారు పడనక్కరలేదు, ఇది డబ్బు పెట్టని పేకాట.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. 1978 సంక్రాంతికి భీమవరం పక్క పల్లెలో కోడిపందేలకు వెళ్లాను. డేగ, కాకి, నెమలి అంటూ కుక్కుట శాస్త్రం నాకు బాగా తెలుసుననుకునేవాణ్ణి. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మనవాళ్లు. నేను మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి డేగ మీద కాశాను. కత్తి కట్టి వదిలాక నిమిషం పట్టలేదు, నా పుంజు నేల కరిచింది. ఇంటికొస్తే మా ఆవిడ ఒక్క మాట అనలేదు. మర్నాడు అటక మీది పేకముక్కలు తీసి పొయ్యిలో పెట్టింది. గాజులు విడిపించడానికి రెండేళ్లు పట్టింది. ఆ తరువాత నలభై ఏళ్లకు పైగా మా ఇంట్లో పేకముక్క అన్నది లేదు.

కిందటి సంక్రాంతికి మనవలు వచ్చారు. "తాతయ్యా, కోడిపందెం చూపించవా?" అన్నాడు చిన్నవాడు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టమూ, 1974 నాటి జూద నిరోధక చట్టమూ ఒప్పుకోవని చెప్పాను. పిల్లవాడికి చట్టాలేం రుచిస్తాయి? మా ఆవిడ నా వైపు చూసింది. "ఇంట్లోనే పందెం పెడతాన్రా, ఎవరూ చావరు" అన్నాను.

మన చిన్నతనంలో గుడి అరుగు మీద బొగ్గుతో గీతలు గీసి పులి-మేక ఆడేవాళ్లం. పులులు మూడు, మేకలు పదిహేను. గులకరాళ్లు, చింతపిక్కలు ఉంటే చాలు, కానీ ఖర్చు లేదు. ఆ పద్ధతిలోనే పాత శుభలేఖలు కత్తిరించి 24 జంతువుల ముక్కలు, 8 పందెం ముక్కలు చేశాను. పందేలు నాలుగు రకాలు: పరుగు, ఈత, దూకుడు, బరువు లాగడం. ఒక్కొక్కటి రెండేసి ముక్కలు.

నలుగురు ఆడాలి. మనిషికి ఆరు జంతువులు. పందెం ముక్క ఒకటి తిప్పగానే తలా ఒక జంతువును వేయాలి. ఆ పందెంలో ఎక్కువ మార్కులున్నది నెగ్గి పందెం ముక్కను తీసుకుంటుంది. సమానమైతే ఆ ముక్క తరువాత నెగ్గినవారిది. ఎనిమిదింటిలో ఆరే పందేలు జరుగుతాయి. ఏ రెండు రావో ఎవరికీ తెలియదు, కిటుకంతా అక్కడే.

మొదటి రోజు పులికి అన్నింట్లోనూ పదేసి వేశాను. "పులి ఎవరికి పడితే వాళ్లే నెగ్గుతారు, ఇదేం ఆట తాతయ్యా?" అంది మనవరాలు. నిజమే. అందుకని ఏ జంతువుకైనా నాలుగు పందేల్లో కలిపి మొత్తం పదే మార్కులన్నాం. ఏ పే కమిషనూ తేలేని సమానత్వం మా ఇంట్లో వచ్చింది! ఒంగోలు గిత్తకు బరువులో 7, పరుగులో 2, ఈతలో 1. గేదెకు బరువులో 5, ఈతలో 4, పరుగులో 1. పులసకు ఈతలో 9. వరద గోదారికి ఎదురీది సముద్రం నుంచి ధవళేశ్వరం దాకా వచ్చే చేపకు అంతకు తక్కువ వేస్తే పాపం. మిగిలిన ఒక్కటీ దూకుడులో. ఆ సాకుతో పిల్లలకు కొల్లేటి గూడబాతు గురించీ, కోరంగి మడ అడవుల్లో చేపలు పట్టే నీటిపిల్లి గురించీ చెప్పాను.

మూడోనాడు రాత్రి నాలుగో మనిషి తక్కువయ్యాడు. మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. నేను ఊపిరి బిగబట్టాను. ఆఖరు పందెం దూకుడు. ఆవిడ కోడిపుంజు వేసింది, ఆరు మార్కులు. నా దగ్గర మిగిలింది గేదె.

"ఇన్నాళ్లకు పుంజు నెగ్గింది" అంది.

"అయితే గాజుల బాకీ తీరినట్టేనా?" అన్నాను.

"అసలు తీరింది. వడ్డీ ఉంది" అంది.

పెద్ద మనవడు ముక్కలన్నీ కంప్యూటరులో ఎక్కించి, కాగితానికి 8 చొప్పున నాలుగు కాగితాలుగా ముద్రించాడు. ఒక ప్రతి సంఘం కార్యాలయంలో ఇచ్చాను. జిరాక్సు తీసుకుని, అట్టకు అంటించి, కత్తిరించుకుని ఆడుకోండి. మార్కులు నేను వేసినవే, నచ్చకపోతే మీ మనవల చేత దిద్దించండి. ఇంటావిడను మాత్రం తప్పకుండా కూర్చోబెట్టండి.