ఆంధ్ర జాతీయ కళాశాలయు మన విద్యానిధియు
(వర్నియందు జరిగిన వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



మన సంఘ విద్యానిధిని గూర్చి ఈ సభ ముందు రెండు ప్రతిపాదనలు గలవు. ఆ సొమ్మును మన కులమున మార్కులు హెచ్చుగా తెచ్చుకొన్న బాలబాలికలకు బహుమానములుగా పంచవలెనని మొదటిది. వర్నిలో చేతిపనులు నేర్పు పాఠశాల నొకదానిని నెలకొల్పి, అన్ని కులములవారికిని దాని తలుపు తెరువవలెనని రెండవది. విద్యను గూర్చి నాలుగు మంచిమాటలు చెప్పిన చాలునని కార్యవర్గమువారు నాతో ననిరి. మంచిమాటలు మనము ఏటేట వినుచునే యున్నాము. వానికి మారుగా నొక విద్యాలయచరిత్రమును మనవి చేసెదను. అది మనలో పెక్కు కుటుంబముల పుట్టినింటి సీమలోనిది. బందరునందలి ఆంధ్ర జాతీయ కళాశాల.

బందరున కళాశాల లేకపోలేదు. 1843లో రాబర్టు నోబిలు దొరగారు స్థాపించిన పాఠశాల అప్పటికే నోబిలు కళాశాలగా ప్రసిద్ధికెక్కి యుండెను. మరియొకటి ఏల కావలసివచ్చెను? 1905లో వంగవిభజనము జరిగెను. మరుసటి యేట కలకత్తాలో జాతీయ విద్యాపరిషత్తు వెలసెను. 1907లో బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించి ఉపన్యసించిరి. ఆ యేడే రాజమహేంద్రవరమున వందేమాతర మన్నందులకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ట్రెయినింగు కళాశాలనుండి బహిష్కృతులైరి. పరాయివారి బడిలో మన బిడ్డలు తలవంచుకొనియే చదువవలెనన్న సంగతి అందఱికిని తేటపడినది. కోపల్లె హనుమంతరావుగారు ఎం.ఏ., బి.ఎల్. పరీక్షల నిచ్చియు న్యాయవాదవృత్తిని విడిచి ఈ కార్యమునకు పూనుకొనిరి. కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావుగారును, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారును తోడునిలిచిరి. 1910లో కళాశాల ప్రారంభమైనది. కోపల్లెవారు ఊరూర తిరిగి చందాలు పోగుచేసిరి.

అచ్చట గ్రంథవిద్యతోపాటు నేత, వడ్రంగము, యంత్రపుపని, చిత్రలేఖనము నేర్పిరి. సంస్కృతము చదివినవాడను గనుక ఇచ్చట నొక్కమాట చెప్పక యుండలేను. నేడు మనము కళాశాల యనిన పట్టము లిచ్చు భవనమే యని తలచుచున్నాము. వాత్స్యాయనుడు చెప్పిన అఱువదినాలుగు కళలలో సంగీతసాహిత్యములు మాత్రమే కాదు. తక్షణ మనగా వడ్రంగము, సూచీకర్మ మనగా కుట్టుపని, వాస్తువిద్య, వృక్షాయుర్వేదము గూడ గలవు. ఆ లెక్కను చూచిన, కళాశాల యను పేరు బందరు విద్యాలయమునకు తగినట్లు మఱి దేనికిని తగదు.

బోధకులను చూడుడు. వంగదేశమునుండి ప్రమోదకుమార ఛటర్జీగారు వచ్చి చిత్రకళ నేర్పిరి. ఆయన శిష్యులలో అడివి బాపిరాజుగారు తరువాత ఆ కళాశాలకే అధ్యక్షులైరి. పింగళి వెంకయ్యగారు అచ్చట బోధకులు. ప్రత్తిసాగును పరిశోధించి పత్తి వెంకయ్య యని పేరొందిన వ్యవసాయజ్ఞుడే, 1916లో జాతీయ పతాకమును గూర్చి పుస్తకము ప్రచురించి, 1921లో బెజవాడలో గాంధీమహాత్మునకు పతాకమును సమర్పించెను. ఒకే మనుష్యునియందు ప్రత్తిచేనును పతాకమును ఇమిడియుండుటయే ఆ కళాశాల స్వభావము. దాని పేరునందు కులము లేదు. ఆంధ్ర మున్నది, జాతి యున్నది.

అయినను దాని కథ విజయకథ మాత్రమే యని చెప్పుట సత్యము కాదు. సర్కారు ఉద్యోగమునకు పనికిరాని యోగ్యతాపత్రమును పట్టుకొని యింటికి పోవు కుమారుని చూచి తండ్రి యేమనును? ఆ చిక్కు కళాశాలను వదలలేదు. ధనపు కొఱతయు వదలలేదు. 1922లో కోపల్లెవారు చిన్నవయసుననే పరమపదించిరి. కాలక్రమమున ఆ సంస్థ విశ్వవిద్యాలయమునకు అనుబంధించి పట్టపరీక్షలకు చదివించు కళాశాల యైనది. అదే ఉద్యమమున 1906లో కలకత్తాలో పుట్టిన సాంకేతిక విద్యాలయమో, కర్మాగారముల నడుమ పెరిగి, 1955లో జాదవపుర విశ్వవిద్యాలయ మైనది. రెంటికిని ఆశయ మొక్కటే. నేర్చిన పనికి చేరువనే గిరాకి యుండుట, లేకుండుట అను భేదము మాత్రము పెద్దది.

ఇక మన సీమ మాట. 1923లో మంజీరపై ఆరంభించిన నిజాంసాగరు 1931లో పూర్తికాగా, కాలువ వెంట మన తాతలు కృష్ణా, గుంటూరు మండలములనుండి వచ్చి క్యాంపులు వేసికొనిరి. 1937లో బోధనున శక్కరు కర్మాగారము స్థాపితమైనది. చెరకు మన యింటికి పెంకుటిల్లు కట్టినది, పిల్లలకు ఫీజు కట్టినది. ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వాముల చేతికి పోయి, 2015 డిసెంబరున మూతపడినది. గానుగయంత్రములు నడిపినవారు, బాయిలరు కాచినవారు, రసమును పాకమునకు తెచ్చి పలుకు కట్టించినవారు ఒక్కదినమున పనిలేనివారైరి. ఆ విద్య యంతయు ఏ గ్రంథమునందును లేదు. వారి చేతులలో నున్నది.

కావున నేను రెండవ ప్రతిపాదన పక్షమున నున్నాను. మార్కులు తెచ్చుకొన్న బిడ్డకు మనమిచ్చు వెండిపళ్లెము బీరువాలో నుండును. తప్పినవాని సంగతి ఎవరు చూతురు? కులనిధి యన్యుల కేల యని కొందఱు పెద్ద లడుగుచున్నారు. మన మళ్లలో నాట్లు వేసినవారు మన కులమువారేనా? ఈ నేల మనకు చోటిచ్చినప్పుడు కుల మడిగినదా? అయితే బందరువారి కష్టమును మనము మరల పడనక్కఱలేదు. మన పాఠశాలలో నేర్చినవారు ప్రభుత్వపు ఐ.టి.ఐ. పరీక్షలకు కూర్చుండునట్లు మొదటినుండియు ఏర్పాటు చేయవలెను. మూలధనమును ముట్టక వడ్డీతోనే నడుపవలెను. చందాలపై నడచు బడి, చందా యెత్తువాడు పోయిన నాడు కుంటుపడును. పది వృత్తులు పెట్టి బోర్డు వ్రాయింపవలదు. మోటార్ల మరమ్మతు, వెల్డింగు, లేతుపని ఈ మూడు చాలును. వరికోత యంత్రములును ట్రాక్టరులును గల ఈ సీమలో వానికి పని తఱుగదు.

గురువుల కొఱకు హైదరాబాదు పోనక్కఱలేదు. బోధనున పనిచేసి విరమించినవారిని పిలువవలెను. ముగ్గురు గురువుల జీతములకును, షెడ్డు అద్దెకును, పనిముట్లకును నేను వేసిన లెక్కను కార్యదర్శిగారికి వ్రాసి యిచ్చితిని. సభ్యులు దానిని చదివిన పిమ్మటనే ఓటు చేయుదురుగాక.