బేదఖలు మొదలగు మాటల తారతమ్యము



మన కులమునందు కౌలుసేద్యము చేయువారును గలరు, పొలములను కౌలున కిచ్చు పోషకులును గలరు. పట్టణములలో అద్దె యిండ్ల నుండువారును, ఇండ్ల నద్దె కిచ్చువారును గలరు. కావున నిలువనీడను విడిపించుటకు మన భాషలో వాడెడి మాటలనుగూర్చి కొంచెము మనవిచేసికొనుట యీ సభకు తగియుండునని తలచెదను.

మొదటిది ఉద్వాసన. పూజ ముగిసినపిమ్మట, ఆవాహనము చేసిన దేవతను నమస్కారపూర్వకముగా సాగనంపుట దీని యర్థము. లోకము దీనినే యెత్తిపొడుపుగా మార్చి, కొలువునుండియు కొంపనుండియు మనుష్యుని తొలగించుటకు వాడుచున్నది. మాట మాత్రము మిగిలెను. మర్యాద దేవునికడనే నిలిచిపోయెను. వెడలగొట్టుట, గెంటివేయుట యనునవి మోటుమాటలే. అయినను అవి నిజమును దాచవు. కొట్టినవాడును గెంటినవాడును ఒకడు కలడని తెలుపును.

కచేరీమాట లట్టివి కావు. దఖలనగా ప్రవేశము, స్వాధీనము. "బే" యనగా లేకుండుట. బేదఖలనగా స్వాధీనము పోవుట. ఎవరు పోగొట్టిరో యీ మాట చెప్పదు. నిర్వాసితుడను పదమునకు సంస్కృతమున వెడలగొట్టబడినవాడని యర్థము. 1981లో శ్రీశైల జలాశయమునకై కర్నూలు, మహబూబునగరు జిల్లాల గ్రామములను ఖాళీ చేయించిరి. అట్టివారికి నిర్వాసితులను పేరు వాడుకయైనపిమ్మట, ఇల్లు కోల్పోయినవారను నర్థమే మిగిలి, కర్త మరుగుపడెను. "ఖాళీ చేసిరి" అని వ్రాయుటకును, "ఖాళీ చేయించిరి" అని వ్రాయుటకును గల భేద మిదియే.

అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసినది "స్వచ్ఛందముగా" అనుమాట. హైదరాబాదు రాష్ట్రమున 1950 నాటి కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు హక్కు లిచ్చెను. ఆచార్య ఎ. ఎం. ఖుస్రోగారు 1958లో ప్రకటించిన పరిశోధనమునుబట్టి, కొలది యేండ్లలోనే యనేకులు భూమిని కోల్పోయిరి. వారిలో చట్టప్రకారము తొలగింపబడినవారు స్వల్పము. చట్టవిరుద్ధముగా తొలగింపబడినవారును, స్వచ్ఛందముగా వదలుకొన్నట్లు లెక్కకెక్కినవారును అంతకు పెక్కురెట్లు. అన్నము పెట్టు భూమిని మనసార విడుచువారు అందఱుందురా?

నోటీసనగా తెలియజేయుట మాత్రమే. వేరొడంబడిక లేనిచో నెలవారీ అద్దెదారునకు 15 దినముల నోటీసు ఈయవలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. నోటీసు చేతికి వచ్చిననాడే సామాను వీధిలో పెట్టనక్కఱలేదు. బలవంతముగా తొలగించుటకు న్యాయస్థానపు టుత్తరువు కావలెను.

కావున చదువుకొన్న మన యువకులకు నా మనవి యేమనగా, మనవారు వేలిముద్ర వేయుటకు ముందు కాగితమును బిగ్గఱగా చదివి వినిపింపుడు. ప్రతి క్రియకును కర్త యెవరని యడుగుడు. భూములును ఇండ్లును గల పెద్దలకు వేరొక విన్నపము. పంపక తప్పనిచో, గడువిచ్చి, లెక్క తీర్చి, ఉద్వాసనయందలి మర్యాదనైన నిలిపి పంపుడు.