ఏ కోర్సు అని కాదు, ఏ కష్టం కోసమని అడుగుదాం



తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల్లో మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "ఏ కోర్సు చదివితే ఉద్యోగం వస్తుంది?" ఇంటి అప్పు తీర్చాల్సినవారు అలా అడగడంలో తప్పు లేదు. దాని పక్కనే ఇంకో ప్రశ్న కూడా పెట్టుకోమంటున్నాం: మన వీధిలోని ఏ కష్టం తీర్చడానికి ఈ చదువు?

క్షయ వ్యాధినే తీసుకుందాం. అది గాలి ద్వారా సోకుతుంది. కిటికీ లేని ఒకే గదిలో ఇంటిల్లిపాదీ పడుకునే చోట సులువుగా పాకుతుంది. అంటే డాక్టరు కంటే ముందే ఇల్లు కట్టేవాళ్లకు అక్కడ పని ఉంది. మందులు నెలల తరబడి మానకుండా వాడాలి. కూలి పోతుందని రోగి మధ్యలో ఆపేయకుండా చూడటం ప్రజారోగ్యం పని. రోగిని వెలివేయకూడదని నేర్పడం బడి పని.

ఈ విషయంలో మన ప్రాంతం ప్రపంచానికే పాఠం చెప్పింది. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. శానిటోరియంలో ఉన్నవారికి నయమైనట్టే, ఇరుకు ఇళ్లలో ఉంటూ మందులు వాడిన పేదలకూ నయమవుతుందని 1959లో ఆ కేంద్రం చూపించింది. తరువాత 1968లో, అప్పటి చెంగల్పట్టు జిల్లాలో, తిరువళ్లూరు పరిసర పల్లెల్లో బీసీజీ టీకాను పరీక్షించారు. పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేకపోయిందని తేలింది. కోరుకున్న ఫలితం కాకపోయినా దాచలేదు. సైన్స్ విధానానికి ఆ నిజాయితీయే పునాది. పసిపిల్లలను తీవ్రమైన క్షయ నుంచి కాపాడుతుంది కనుక నేటికీ పుట్టగానే ఆ టీకా వేస్తున్నారు.

ఒకే మనిషి ఇన్ని రంగాల్లో పనిచేయగలడా? కర్నూలులో 1887లో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ ప్రసూతి వైద్యుడు. మద్రాసు విశ్వవిద్యాలయానికి 27 ఏళ్లు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 1952-53లో మాధ్యమిక విద్యా కమిషన్‌కు అధ్యక్షత వహించారు. దేశ ఆరోగ్య సేవలను సమీక్షించి 1961లో నివేదిక ఇచ్చిన కమిటీకీ ఆయనే అధ్యక్షుడు. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్వశాస్త్రం చదివి, 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌ను నడిపారు. ఇద్దరూ మద్రాసు క్రిస్టియన్ కాలేజీ విద్యార్థులే. ఇంగ్లండులో పుట్టిన లారీ బేకర్ ఆర్కిటెక్టు. 1945లో కుష్ఠు రోగులకు ఆసుపత్రులు కట్టడానికి మన దేశానికి వచ్చి, ఆ తరువాత తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డారు.

వీరిలా పెద్ద పదవులు అందరికీ రావు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివే తమ్ముడు తన వీధి ఇళ్లకు గాలి ఎటునుంచి వస్తుందో చూడగలడు. నర్సింగ్ చదివే చెల్లెలు రెండు వారాలకు మించి దగ్గుతున్న పెద్దాయనను కఫం పరీక్షకు తీసుకెళ్లగలదు. బీఎడ్ చదివేవారు పిల్లలకు ఆ సంగతే తెలుగులోనూ తమిళంలోనూ చెప్పగలరు. ముగ్గురూ ఒకే వీధివారైతే ముందు ఒకచోట కూర్చోండి. మొదటి పని ఏమిటో మీ వీధే చెబుతుంది.