అమ్మ ఏ గడిలో ఉంది? భారత్, చైనా జనాభా అంచనాల్లో చదువు లెక్క



2023లో జనాభాలో మనం చైనాను దాటాం. ఆ వార్త మీరంతా చదివే ఉంటారు. ఐక్యరాజ్యసమితి 2024 అంచనాల ప్రకారం 2100 నాటికి మన జనాభా సుమారు 150 కోట్లు, చైనా జనాభా సుమారు 63 కోట్లు. ఈ అంకెలు తలలను లెక్కపెడతాయి. ఆ తలల్లో ఎందరికి బడి అందిందో చెప్పవు. నేను ఆ రెండో లెక్క గురించి మాట్లాడతాను.

మా అమ్మతో మొదలుపెడతాను. ఆమె 1965లో పుట్టింది. ఒక్కరోజు కూడా బడికి పోలేదు. పదేళ్లకే మిరప కోతలకు కూలికి పోయింది. జనగణన పట్టికలో ఆమెది 'నిరక్షరాస్యులు' అనే గడి. 2045లో ఆమెకు 80 ఏళ్లు వస్తాయి. అప్పటికీ అదే గడిలో ఉంటుంది.

విద్యా స్థాయిని బట్టి జనాభాను అంచనా వేసే పద్ధతికి పునాది ఇదే. వియన్నాలోని విట్‌గెన్‌స్టైన్ సెంటర్‌లో వోల్ఫ్‌గాంగ్ లుట్జ్, నేపాల్‌కు చెందిన సమీర్ కేసీ, వారి సహచరులు వయసు, లింగం, చదువు మూడూ కలిపి 2100 దాకా దేశాలవారీగా అంచనాలు వేశారు. ఎక్కువ మందికి చదువు చిన్న వయసులోనే ఆగిపోతుంది. ఇవాళ 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్నవారు 2060 నాటికి అరవైకి దగ్గరవుతారు. మరణాలను, వలసలను సరిచూసుకుంటే, వాళ్ల చదువు అప్పటికి ఎలా ఉంటుందో ఇవాళే చెప్పొచ్చు. అంటే ఒక తరానికి బడి మూసేస్తే దాని ఫలితం అరవై, డెబ్బై ఏళ్లు లెక్కల్లో కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు రెండు దేశాలను పక్కపక్కన పెడదాం. 1950 ప్రాంతంలో రెండు చోట్లా అత్యధికులకు చదువు రాదు. 15 ఏళ్లు దాటినవారిలో అక్షరాస్యులు 1982లో చైనాలో సుమారు 65 శాతం. 1981లో మన దగ్గర 41 శాతం. 2010-11 నాటికి వాళ్లు 95 శాతానికి చేరారు, మనం 69 దగ్గర ఉన్నాం. అందుకే చైనా పిరమిడ్‌లో చదువు లేనివారు ఎక్కువగా పైభాగాన, వృద్ధుల్లో కనిపిస్తారు. మన పిరమిడ్‌లో ఆ భాగం నడివయసు స్త్రీల దాకా దిగి ఉంటుంది.

చైనాను ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. అక్కడ హుకౌ అనే నివాస నమోదు వ్యవస్థ పల్లె పిల్లలను పట్నం బడులకు దూరం పెట్టింది. అయినా ప్రాథమిక బడిని పల్లెకు చేర్చడంలో వాళ్లు మనకన్నా ముందున్నారు. మన రాజ్యాంగం 45వ అధికరణ 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు ప్రయత్నించాలని చెప్పి, పదేళ్ల గడువు పెట్టింది. ఆ గడువు 1960లో ముగిసింది. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010లో. మధ్యలో పోయిన యాభై ఏళ్లలో మా అమ్మ బాల్యం కూడా ఉంది.

ఆ యాభై ఏళ్ల నష్టం అందరికీ సమానంగా జరగలేదు. 1961లో దళిత స్త్రీలలో అక్షరాస్యులు 100కి ముగ్గురు. 2011లో దేశంలోని మొత్తం స్త్రీలలో 64.6 శాతం, దళిత స్త్రీలలో 56.5 శాతం. 'భారతదేశం' అనే ఒకే పిరమిడ్ ఈ తేడాను మింగేస్తుంది.

ఫలానా వాళ్లు ఎక్కువ మందిని కంటున్నారని భయపెట్టేవాళ్లకు కూడా ఈ లెక్కలో జవాబు ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు దళితుల్లో 2.1, ఇతర కులాల్లో 1.9. తేడా చాలా స్వల్పం. అదే సర్వేలో బడికి పోని స్త్రీలకు 2.8, పన్నెండేళ్లు లేదా అంతకు మించి చదివినవారికి 1.8. జనాభా భవిష్యత్తు గురించి బెంగపడేవాళ్లు ముందు బడి గురించి అడగాలి.

బాబాసాహెబ్ 1927 మార్చిలో బొంబాయి శాసన మండలిలో విద్యా బడ్జెట్‌పై మాట్లాడినప్పుడు ఈ పనే చేశారు. రాష్ట్రం సగటుతో సరిపెట్టుకోలేదు. జనాన్ని వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గంలో వెయ్యి మందికి ఎందరు చదువుతున్నారో సభ ముందు పెట్టారు. పైమెట్టుకు వెళ్లేకొద్దీ అణగారిన వర్గాల అంకె సున్నాకు చేరుతుందని చూపించారు.

మనం కూడా అదే పని చేయాలి. ఎస్సీ, ఎస్టీలకు వయసు, చదువు పట్టికలు ఉన్నాయి. వెనుకబడిన కులాల వివరాలు మాత్రం 1931 తర్వాత ఏ జనగణన పట్టికలోనూ లేవు. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో సేకరించిన కులాల సంఖ్యలు బయటికి రానే లేదు. 2027 జనగణనలో కులాన్ని లెక్కిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఏ కులంలో ఎందరున్నారో చెప్పి ఊరుకుంటే చాలదు. కులం, వయసు, లింగం, విద్యా స్థాయి నాలుగూ ఒకే పట్టికలో కలిపి, ఆలస్యం లేకుండా ప్రచురించాలని మనం అడగాలి. ఆ పట్టిక ఉంటే 2060లో ఏ కులపు స్త్రీలు ఏ గడిలో ఉంటారో మీలాంటి విద్యార్థులే లెక్కకట్టగలరు.

మా అమ్మ గడి ఇక మారదు. మీరు లెక్క తీసి నిలదీస్తే, ఇప్పుడు పదేళ్ల వయసులో ఉన్న పిల్లల గడి మారుతుంది.

జైభీమ్.