తోట యంత్రాలు - మన చేతిలోని మరమ్మతులు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు కార్యదర్శి గారు నాకు వేరే విషయం అప్పగించారు. మనలో చాలామంది రిటైరైన తరువాత ఊళ్లోని మామిడితోటకో, కొబ్బరితోటకో, కనీసం పెరటి మొక్కలకో దగ్గరయ్యాం. కూలీలు దొరకక కొందరు, పిల్లలు కొనిపెట్టగా కొందరు గడ్డి కోసే మిషను, చైన్ సా, పవర్ స్ప్రేయరు వంటివి ఇంట్లో పెట్టుకున్నాం. నాలుగు నెలలు మూలన పడి ఉన్న మిషను తీసి తాడు లాగితే అది పలకదు. "ఇంజను పోయింది, కొత్తది కొనుక్కోండి" అని ఎవరో ఒకరు అంటారు. పెన్షను డబ్బు మీద బతికేవాళ్లకు అది చిన్న మాట కాదు.

ముప్పై ఏళ్లకు పైగా వర్క్‌షాపులో ఇంజన్ల మధ్య గడిపినవాణ్ణిగా నేను మనవి చేసేది ఒక్కటే. ఈ చిన్న యంత్రాలు పని చేసి అరిగిపోయేది తక్కువ. పాత పెట్రోలుతో, దుమ్ముతో మూలన పడి పాడయ్యేదే ఎక్కువ. వాటిని బాగుగా ఉంచడం మన వయసులో కూడా చేయగల పని. అయితే వాటితో చేసే పనులన్నీ మన వయసుకు తగినవి కావు. ఈ రెండు సంగతులూ చెబుతాను.

పెట్రోలు, ఆయిలు

చైన్ సాలు, గడ్డి కోసే మిషన్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోక్ ఇంజన్లు. మన పాత స్కూటర్ల మాదిరిగా వీటికి ఇంజను ఆయిలు పోసే గది విడిగా ఉండదు. పెట్రోలులో కలిపిన టూ-టీ ఆయిలే పిస్టన్‌కూ, బేరింగులకూ తడి. ఉత్త పెట్రోలు పోసి నడిపితే కొద్దిసేపట్లోనే పిస్టన్ పట్టేస్తుంది. ఆ మరమ్మతు ఖర్చు దాదాపు కొత్త మిషను ధరకు దగ్గరగా వస్తుంది. 50కి 1 పాలు అని రాసి ఉంటే లీటరు పెట్రోలుకు 20 మి.లీ. ఆయిలు, 25కి 1 అని ఉంటే 40 మి.లీ. మీ మిషనుకు ఏది వర్తిస్తుందో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కంటి అంచనాతో పోయవద్దు. మందుసీసాతో వచ్చే చిన్న కొలత కప్పు ఒకటి ఇందుకోసం విడిగా ఉంచుకోండి. ఫోర్ స్ట్రోక్ మిషన్లకు ఆయిలు గది వేరుగా ఉంటుంది. వాటిలో ఆయిలు కలిపిన పెట్రోలు పోయకూడదు.

మరొక ముఖ్య విషయం. 2025 నాటికి మన బంకుల పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎక్కువకాలం ట్యాంకులో నిలిస్తే రబ్బరు గొట్టాలు, కార్బురేటరులోని పలచటి పొర గట్టిపడతాయి లేదా ఉబ్బుతాయి. అందువల్ల ఆయిలు కలిపిన పెట్రోలు నెల రోజులకు సరిపడా మాత్రమే తయారు చేసుకోండి. మిషను దాచే ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగిపోయేవరకు నడపండి. ఈ ఒక్క అలవాటుతో సగం మరమ్మతులు తప్పుతాయి.

తాడు లాగినా పలకకపోతే

ఇంజనుకు కావలసినవి మూడు: గాలి, పెట్రోలు, నిప్పురవ్వ. ఆ వరుసలోనే చూడండి.

మొదట ఎయిర్ ఫిల్టరు. మన ఎండాకాలపు దుమ్ముకు అది తొందరగా మూసుకుపోతుంది. స్పాంజి రకమైతే సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి బిగించండి. కాగితం రకమైతే కడగవద్దు. మెల్లగా తట్టి దుమ్ము దులపండి, మరీ నల్లబడితే మార్చండి.

తరువాత స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. దాని కొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్లు. నల్లగా మసి పట్టి ఉంటే ఆయిలు ఎక్కువైంది, లేదా ఫిల్టరు మూసుకుపోయింది. తెల్లగా కాలినట్లు ఉంటే ఇంజను మితిమీరి వేడెక్కుతున్నది. అప్పుడు మెకానిక్కుకు చూపించాలి. ప్లగ్ తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ ఎక్కినట్లు. దాన్ని తుడిచి ఆరబెట్టి, ప్లగ్ లేకుండానే స్విచ్ ఆఫ్‌లో ఉంచి నాలుగైదుసార్లు తాడు లాగి, మళ్లీ బిగించి, చోక్ లేకుండా ప్రయత్నించండి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. ట్యాంకులోని చిన్న ఫిల్టరు, గొట్టాలు చూడాలి. చాలా చైన్ సాలకు ప్లగ్ ఖాళీ 0.5 మి.మీ.

ఏ పని చేయబోయినా ముందు ప్లగ్ టోపీ పీకి పక్కన పెట్టండి. కరెంటు మిషనైతే ప్లగ్ పీకాలి, బ్యాటరీ మిషనైతే బ్యాటరీ తీసేయాలి. ఇది మరచిపోకూడదు.

చైను పదును

నేటి చైను పళ్లకు ఒక కథ ఉంది. అమెరికాలోని ఒరెగాన్ ప్రాంతంలో జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ అనే కలప కార్మికుడు చెక్కను దొలిచే పురుగు దవడలను గమనించి, పక్కలకు చెక్కుతూ పోయే పంటి ఆకారాన్ని రూపొందించి 1947లో అమ్మకానికి తెచ్చాడు. నేటికీ మన చైన్ల ఆకారం దాని వారసత్వమే.

మొద్దుబారిన చైనే ఎక్కువ ప్రమాదకరం. పదునుగా ఉన్న చైను తనంతట తానే చెక్కలోకి దిగుతుంది. మొద్దుబారితే మనం బలంగా నొక్కుతాం, అదుపు తప్పుతాం. గుర్తు తేలిక: కోతలో చెక్కు తునకలు రాలితే పదును ఉన్నట్లు, పిండిలాంటి పొట్టు రాలితే పోయినట్లు.

పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి. దాని మందం చైనును బట్టి ఉంటుంది. చిన్న మిషన్లకు తరచు 4 మి.మీ., మధ్యరకం వాటికి 4.8 మి.మీ. చేతికి గ్లవ్స్ వేసుకొని, బార్‌ను వైస్‌లో బిగించి, పంటి లోపలి నుంచి బయటికి, ముందుకు తోసేటప్పుడు మాత్రమే రాపిడి పడేటట్లు రాయండి. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తేవాలి. సాధారణంగా కోణం 30 డిగ్రీలు. ప్రతి పంటికీ ఒకే సంఖ్యలో రాపిళ్లు పడాలి. ఒక పక్క పళ్లు ఎక్కువ అరిగితే కోత వంకరగా పోతుంది.

చైను బిగువు కూడా ముఖ్యం. బార్ అడుగున వేలాడకుండా ఆనుకొని ఉండాలి, గ్లవ్స్ వేసుకున్న చేత్తో లాగితే సులువుగా తిరగాలి. పెట్రోలు పోసిన ప్రతిసారీ చైను ఆయిలు కూడా నింపండి. మిషను నడుస్తుండగా బార్ కొనను పాత దినపత్రికకు కొంచెం దూరంగా పట్టుకుంటే కాగితం మీద ఆయిలు గీత పడాలి. పడకపోతే ఆయిలు రంధ్రం మూసుకుపోయింది. అప్పుడప్పుడు బార్‌ను తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమంగా అరుగుతాయి.

గడ్డి మిషనుకైతే గేర్ పెట్టెలో గ్రీజు చూసుకోండి. బీట పడిన బ్లేడును ఎన్నడూ అతికించి వాడవద్దు. కోసేటప్పుడు 15 మీటర్ల లోపు మనుమలను గానీ, పశువులను గానీ రానీయవద్దు. ఎగిరిన రాయి కంటికి తగిలితే ఎవరూ తిరిగి ఇవ్వలేరు. కళ్లజోడు ఉన్నవారు కూడా పైన రక్షణ అద్దాలు పెట్టుకోవాలి.

ఎక్కడ ఆగాలి

ఇప్పుడు రెండవ సంగతి. చైన్ సా చైను సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. బార్ కొన పైభాగం దేనికైనా తగిలితే మిషను రెప్పపాటులో మన ముఖం వైపు ఎగిరివస్తుంది. అందుకే రెండు చేతులతో, బొటనవేలు చుట్టి పట్టుకోవాలి. ప్రతిరోజూ చైను బ్రేకు పనిచేస్తున్నదో లేదో చూడాలి. భుజం ఎత్తు దాటి కోయరాదు, నిచ్చెనపై నిలబడి కోయరాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు వేలాది చెట్లు కూలాయి. అలా పడిన చెట్టు కొమ్మలు విల్లులా వంగి బిగుసుకొని ఉంటాయి. ఎక్కడ కోస్తే ఎటు ఎగురుతుందో తెలియని చేతికి అది ప్రాణాపాయం. వాటిపై కరెంటు తీగ పడి ఉండవచ్చు కూడా. ఆ పని శిక్షణ పొందిన సిబ్బందికి వదిలేయండి. నిలబడిన చెట్టు కొట్టే ముందు కూడా వాల్టా చట్టం, 2002 ప్రకారం అనుమతి అవసరమో లేదో విచారించండి.

రక్తం పలచబడే మాత్రలు వాడేవారు, పేస్‌మేకరు ఉన్నవారు, వేళ్లు తిమ్మిరెక్కేవారు ఈ మిషన్లు నడిపే ముందు డాక్టరును అడగాలి. మాత్రల వల్ల చిన్న గాయం కూడా పెద్ద రక్తస్రావం కావచ్చు. ఎంతసేపో వణికే మిషను వేళ్లలో రక్తప్రసారాన్ని తగ్గిస్తుంది. అందుచేత ఇంటి ఆడవాళ్లకు, పిల్లలకు నా విజ్ఞప్తి: పెద్దాయన మిషను పట్టుకుంటానంటే నిష్ఠూరాలాడవద్దు. నేలమీద పడిన చిన్న కొమ్మ కోయనివ్వండి, ఒంటరిగా మాత్రం వదలవద్దు. చెట్టు ఎక్కుతానంటే తాళం చెవి దాచేయండి.

మిషను శుభ్రం చేయడం, ఫిల్టరు కడగడం, పదును పెట్టడం, ప్లగ్ చూడటం - ఇవన్నీ కూర్చొని చేసుకోగల పనులు. కుర్రవాడు తాడు లాగుతాడు, మనం లోపం చెబుతాం. ఈ పని తెలిసిన వారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నెలకు ఒక ఆదివారం పాడైన మిషన్లు సంఘ భవనానికి తెచ్చుకొని కలిసి చూసుకుందామని కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను. నా వంతు పనిముట్ల పెట్టెతో నేను సిద్ధం.